దిష్టిచుక్క తీసిన పడవలు

శుద్ధ తదియ, ఉదయం

ఈ పుస్తకం సంఘానిది. రోజూ ఎన్ని పడవలు వెళ్లాయి, ఎన్ని పలికాయి, ఎన్ని తిరిగొచ్చాయి, ఇంతవరకే రాయమన్నారు. నా కోపాలు రాయమనలేదు. కానీ కొండ మీద ఈ గదిలో నేనూ పిలుపుపెట్టే తప్ప ఎవరూ ఉండం. పెట్టె వింటుంది గాని ఊఁ కొట్టదు. అందుకని రెండూ రాస్తాను. ఇష్టం లేనివాళ్లు అంకెలు చూసుకుని మిగతాది దాటేయండి.

వెళ్లినవి అరవై మూడు. పలికినవి యాభై ఎనిమిది.

పలకని ఐదూ మునిగిపోలేదు. కంపెనీవాళ్లు అమ్మే నీలంపెట్టెలు పెట్టించుకున్నాయి, అంతే. నేను "ఉన్నావా" అని పిలిస్తే "ఉన్నాను" అనడానికి వాటికి ఈమధ్య తీరిక ఉండటం లేదు. మొదట్లో వెంటనే పలికేవి. పోయిన నెల నుంచి మూడోసారికి గాని పలకవు. ఈ రోజు ఐదుసార్లు పిలిచాను. నా గొంతు అరిగిందే గాని జవాబు లేదు.

పొద్దున్న స్తంభం ఎక్కి తీగల మీద పేరుకున్న ఉప్పు తుడిచాను. దిగేసరికి మెట్ల మీద అరచేయంత ఇనుప ముక్క పడి ఉంది, ఇంకా వేడిగానే. ఆకాశంలో ఉపగ్రహాలు ఒకదాన్నొకటి గుద్దుకుని తుక్కయి పంతొమ్మిదేళ్లు, ఇప్పటికీ రాలుతూనే ఉంది. ఎవరి నెత్తిన పడుతుందోనన్న భయం కూడా పాతబడిపోయింది.

ఉపగ్రహాలు పోయాక ఒడ్డు దాటితే ఫోన్లు పలకవు. నడిసముద్రంలో ఉన్న పడవ మాట ఒడ్డుకి చేరాలంటే ఒక పడవ విని పక్క పడవకి చెప్పాలి, అది ఇంకోదానికి చెప్పాలి. ఎవరు చేసిన పెట్టెయినా ఒకే పద్ధతిలో పిలవాలి, ఒకే పద్ధతిలో పలకాలి. ఆ పద్ధతికి ఉమ్మడి పిలుపు అని పేరు. దాన్ని రాసింది ఏడుగురం, వలలు బాగుచేసే పాకలో, నేల మీద సుద్దముక్కతో. అప్పటికి నాకు ముప్పై నిండలేదు. మొదటి నియమం ఒకటే వాక్యం: విన్నవాడు మోయాలి. నచ్చినవాడి మాటైనా, నచ్చనివాడి మాటైనా.

ఆ ఐదు పడవలూ ఈ రోజు ఎవరి మాటా మోయలేదు. కూర్చోబుద్ధి కావడం లేదు.

శుద్ధ చవితి

బావ కొండెక్కి వచ్చాడు. అరజాల ఎల్లాజీ, మా అప్ప బంగారమ్మ మొగుడు. ఉమ్మడి పిలుపు రాసిన ఏడుగురిలో అతనూ ఒకడు. సుద్దముక్క నా చేతిలో ఉండేది, "ఇది కాదు, సెరిపీ" అనే నోరు అతనిది.

"ఏటి మరదలా, ఒక్కదానివే కూకుని ఎవులి మీద అరుత్తన్నావు?"

"నీలాటోళ్ల మీదే. ఏటి తెచ్చినావు?"

"నెత్తళ్లు. మీ అప్ప పంపింది. నాను మోసినానంతే."

ఆ చేపల పొట్లం బల్ల మీద పెట్టి, చూపు పక్కకి తిప్పేశాడు. అర్థమైపోయింది.

"నువ్వూ నీలంపెట్టె ఎట్టించీసినావు," అన్నాను.

"ఎట్టించీసినాను. తిట్టు మరి, బేగి అయిపోద్ది."

ఎందుకు పెట్టించాడో చెప్పాలంటే దిష్టిచుక్క గురించి రాయాలి. మా వాళ్లకి చేపలుండే చోటు తండ్రి చెప్పి పోయే ఆస్తి. ఉమ్మడి పిలుపులో ప్రతి పడవా తానెక్కడుందో అందరికీ వినబడేలా చెప్పాలి. ఆపదలో వెతకాలి కదా. ఈ నియమానికి అందరూ తలూపారు, ఒక్కడూ నిజం చెప్పలేదు. కొత్త పడవని నీళ్లలో దించే రోజున నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టి, దాంతోపాటే పెట్టెలో ఒక అబద్ధం కూడా పెడతారు. రెండు మైళ్లు ఉత్తరానికో, మైలున్నర తూర్పుకో. పసిపిల్ల బుగ్గ మీద చుక్క పెట్టినట్టే. ఎటు జరిపాడో, ఎంత జరిపాడో పెళ్లానికి కూడా చెప్పరు. నీళ్ల మీద ఉండగా ఆ చుక్క తీస్తే పడవకి కీడని నమ్మకం. మేమెంత మొత్తుకున్నా వినలేదు, ఎవడి ఖర్మ వాడిదని వదిలేశాం.

నీలంపెట్టెకి చుక్క అక్కర్లేదు. పడవ చోటుని తాళం వేసి మూటలో పెడుతుంది. మూట అంటే ప్రతి పిలుపు చివరా మేం వదిలిన ఖాళీ గడి. ఎవరికి కావలసింది వాళ్లు అందులో పెట్టుకోవచ్చు. మిగతా పెట్టెలు దాన్ని విప్పకూడదు, పారెయ్యకూడదు, ఉన్నదున్నట్టు మోయాలి. రేపెవరైనా మంచి ఉపాయం కనిపెడితే దారి ఉండాలని వాదించి ఆ గడి పెట్టించింది నేనే. కంపెనీ తన సంసారమంతా తెచ్చి ఆ గడిలో పెట్టుకుంది.

"మీ పెట్టెలు మా పెట్టెలకి పలకట్లేదు బావా."

"పలుకుతాయి. కాత్త లేటవుతాది. అందరూ నీలంవే ఎట్టించుకుంటే ఆ లేటూ ఉండదంట."

"నానేడుత్తన్నదీ అదే. లైసెన్సు నువ్వే కదేటి రాసినావు, మర్సిపోనావా?"

మా సాఫ్ట్‌వేర్‌ని ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ఒకటే షరతు. మార్చి ఇంకొకరికి ఇచ్చేవాడు ఆ మార్పుని కూడా తెరిచి చూపించాలి, అదే షరతు మీద. ఆ వాక్యం బావదే. ఆ రోజు దానికోసం మిగతా ఆరుగురితోనూ పోట్లాడాడు.

"ఆళ్లు మనది ముట్టుకోలేదంట. మొత్తం సొంతంగా రాసుకున్నారంట."

"అంట, అంట. నువ్వు సూసినావేటి?"

"నానేటి సూత్తాను, మూసీసి ఉంటాది కదా," అని తానే నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదు.

శుద్ధ షష్ఠి

వెళ్లినవి అరవై ఒకటి. పలికినవి ముప్పై తొమ్మిది.

పొద్దున్న ఏడింటికి నీలంపెట్టెలన్నీ ఒకేసారి అప్‌డేట్ అయ్యాయి. అప్పటి నుంచి ఒక్కటీ పలకదు. చోటొక్కటే కాదు, ఇప్పుడు వాటి పిలుపంతా తాళంలోకి పోయింది. మా పెట్టెలకి అది గొణుగుడులా వినబడుతుంది. ఎవరిదో తెలియదు, ఎవరికో తెలియదు, మోయడానికి పట్టు లేదు.

కంపెనీకి రాసిన ఉత్తరానికి ఈ రోజే జవాబొచ్చింది. "మీ ఆందోళనను గౌరవిస్తున్నాం. ఉమ్మడి పిలుపును మేం పూర్తిగా పాటిస్తున్నాం. మాది దానికి అదనం మాత్రమే." ఏకై వచ్చి మేకై కూర్చోవడమంటే ఇదే. నాలుగుసార్లు చదివాను. ప్రతిసారీ ఇంకా మర్యాదగా కనబడింది.

మధ్యాహ్నం చోడిపల్లి దానయ్య మావ పిలిచాడు. డెబ్బై ఏళ్ల మనిషి, ఇంకా తానే చుక్కాని పడతాడు. వెళితే మూడు నాలుగు రోజులు తూర్పునే ఉంటాడు. పదేళ్ల కిందట మా బావ వల మీదుగా పడవ పోనిచ్చాడని ఇద్దరికీ మాటల్లేవు.

"ఒలే తవిటీ, నా పెట్టెలో ఏదో గొణుగుతంది. దెయ్యమేటి?"

"దెయ్యం కాదు మావా, నీలంపెట్టె. నీ సుట్టుపక్కల ఎవుడో ఉన్నాడు."

"ఉంటే పేరు సెప్పాలి గదేటి. సముద్రం మీద పేరు సెప్పకుండా తిరిగేవోడు దొంగైనా అవ్వాల, దెయ్యమైనా అవ్వాల."

ఇది మర్నాడు చేర్చిన మాట: ఆ గొణుగుడు ఎవరిదో నేను ఆలోచించలేదు. ఆ మాట ఇక్కడ రాసుకోవలసిందే.

శుద్ధ సప్తమి, ఉదయం ఏడున్నర

మా అప్ప ఒగరుస్తూ మెట్లెక్కి వచ్చింది. చెప్పులు లేవు.

"మీ బావ రాలేదే."

నిన్న పొద్దున్నే వెళ్లాడు, ముగ్గురు కళాసీలతో. సాయంత్రానికి రావాలి. నీలంపెట్టెల వాళ్లంతా ఒడ్డుకి దగ్గరలోనే వేటాడి వచ్చేశారు. బావ ఒక్కడే తూర్పుకి దూరంగా వెళ్లాడట. ఇంక చోటు దాచుకునే పని లేదు కదా అని ధీమా. వెళ్తూ అప్పతో ఆ మాటే అన్నాడట.

ఓడరేవు నుంచి కబురు: వాయుగుండం, సాయంత్రం ఐదు దాటితే గాలి ముదురుతుంది. తూర్పున ఇంకా తొమ్మిది పడవలున్నాయి, అన్నీ పాత పెట్టెలవే. అన్నిటినీ అడిగాను. ఎవరికీ బావ పడవ కనబడలేదు. ముగ్గురి పెట్టెల్లో మాత్రం గొణుగుడు వినబడుతోంది. మాట లేదు, పేరు లేదు.

అదే రోజు, తొమ్మిదింబావు

కంపెనీ సహాయకేంద్రానికి ఫోన్ చేశాను. ఒడ్డు మీద ఫోను బాగానే పలుకుతుంది. అవతల ఒక అమ్మాయి, గొంతు వెన్నలా ఉంది.

"కస్టమర్ ఉన్న చోటు గోప్యంగా ఉంచుతామని మా హామీ మేడమ్. కస్టమర్ స్వయంగా అనుమతిస్తే చెప్పగలం."

"ఆ కస్టమరే సముద్రంలో కొట్టుకుపోతన్నాడమ్మా."

"అర్థమైంది మేడమ్. ఆయన్ని ఒకసారి లైన్లోకి తీసుకోగలరా?"

నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ అమ్మాయి చివరిదాకా విని, పై అధికారికి పంపానని, రెండు పనిదినాల్లో జవాబు వస్తుందని చెప్పింది. పెట్టేశాక సిగ్గేసింది. ఆ పిల్ల చేతిలో ఏముంది, దాని ఎదుట కూడా ఏదో మూసేసిన పెట్టే ఉండి ఉంటుంది. అప్ప గుమ్మంలో కూర్చుని నన్నే చూస్తోంది. ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండును.

పదకొండు కావస్తోంది

దొరికింది. దొరికిందో లేదో ఇంకో పది నిమిషాల్లో తేలుతుంది. ఈలోపు రాస్తాను.

మొదటి రోజుల్లో నేనొక తప్పు రాశాను. పిలిచినవాడికి పలకాలో వద్దో మూట చూసి తేల్చుకునే చోట, మూట ఉండి లోపల ఏమీ లేకపోతే ఏం చెయ్యాలో రాయడం మరిచిపోయాను. అలాంటి పిలుపు వస్తే పెట్టె ఇంకేమీ అడక్కుండా "ఉన్నాను" అనేస్తుంది. ఆరేళ్లకి గాని అది బయటపడలేదు. "మరదలి మతిమరుపు" అని బావ ఏడాదిపాటు ఏడిపించాడు. తర్వాత దిద్దాను. దిద్దకముందు తీసుకుపోయినవాడి దగ్గర ఆ తప్పు ఇంకా ఉండాలి.

కింద రేవులో నీలంపెట్టె ఉన్న పడవ ఒకటి కట్టేసి ఉంది. దానికి ఖాళీ మూటతో ఒక పిలుపు పంపాను.

"ఉన్నాను" అంది. మొదటిసారికే.

సొంతంగా రాసుకున్నారట. నా మతిమరుపుని కూడా సొంతంగా రాసుకున్నారట.

పాత పెట్టెలు తెరిచి ఉంటాయి కాబట్టి ఈ మార్పుని నేనే రాసి, సంఘం తాళంతో ఇక్కడి నుంచే పంపగలిగాను. తూర్పున ఉన్న తొమ్మిది పడవలకీ వెళ్లింది. ఆ గొణుగుతున్నదాన్ని ఖాళీ మూటతో పిలవమన్నాను. పిలిచాక పలకడానికి ఎంతసేపు పట్టిందో చూస్తే ఎంత దూరమో తెలుస్తుంది.

మధ్యాహ్నం పన్నెండున్నర

బావ పెట్టె మూడు పడవలకి పలికింది. దానయ్య మావకి ఏడు మైళ్లు. కోడా నరసింగుకి ఐదు. పేర్ల బోడియ్యకి ఎనిమిది. పెట్టె పలుకుతోందంటే పడవ తేలుతోంది. ఈ మాట అప్పకి చెబితే నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

సముద్రపటం బల్ల మీద పరిచాను. మూడు పడవల చుట్టూ మూడు గీతలు గుండ్రంగా గీస్తే, అవి కలిసిన చోట బావ ఉంటాడు. దారానికి పెన్సిల్ కట్టుకున్నాను. కట్టుకుని ఆగిపోయాను. ఆ మూడు పడవలూ ఎక్కడున్నాయి? పెట్టెలు చెప్పే చోట్లు మూడూ అబద్ధాలే. మూడు దిష్టిచుక్కలు.

అందరికీ వినబడే దారిలోనే పిలిచాను. కొండకి అంత దూరాన ఉన్నవాళ్లకి వేరే దారి లేదు, మాట పడవల మీదుగా పోవలసిందే. ఊళ్లో ప్రతి పాత పెట్టే వింటోంది.

"దానయ్య మావా, నరసింగూ, బోడియ్యా. ఎల్లాజీ బావ మీకెంత దూరమో తెలిసింది. మీరెక్కడున్నారో తెల్దు. సుక్క తీసి సెప్పండి."

గోడ గడియారం చూస్తూ నిలబడ్డాను. రెండు నిమిషాలు.

నరసింగు గొంతు వచ్చింది. "అప్పా, నీళ్ల మీదుండగా సుక్క తీమంటావేటి. గాలొత్తంది. నా పడవలో ఐదుగురున్నారు."

"ఆ పడవలో నలుగురున్నార్రా."

మా అప్ప లేచి వచ్చి నా పక్కన నిలబడింది. నోరు తెరిచి అడుగుతుందేమో అనుకున్నాను, అడగలేదు. దానయ్య మావ అడిగితే ఇచ్చే రకం కాదని దానికీ తెలుసు.

"తవిటీ, రాసుకో," అన్నాడు దానయ్య మావ. "కొండకి తూరుపు ఆగ్నేయం, ముప్పై నాలుగు మైళ్లు. నలభై బారల లోతు నీరు. మా తాత కాడి నుంచీ ఈ సోటు ఎవులికీ సెప్పలేదు. రాసుకున్నావా? ఇంకోపాలి సెప్పను."

రాసుకున్నాను. నా కళ్లు చెమర్చాయి, అది కూడా రాసుకోవాలి.

తర్వాత బోడియ్య చెప్పాడు. తర్వాత నరసింగు. మూడు గీతలూ గీశాను. దానయ్య మావదీ బోడియ్యదీ రెండు చోట్ల కోసుకున్నాయి. ఆ రెంటిలో ఏది నిజమో చెప్పాల్సిన నరసింగు గీత దేనికీ తగల్లేదు.

"నరసింగూ, నీ గీత ఎక్కడా తగల్లేదు."

పెన్సిల్ ఆ గీత మీదే పెట్టి ఉంచాను.

"దచ్చినానికి రెండు మైళ్లు జరుపప్పా," అన్నాడు. "అబద్ధమాడాలని కాదు. ఆ అంకె తప్ప నోటికి రాదు, అలవాటైపోనాది."

జరిపాను. మూడూ కలిశాయి. గోరంత చోటు.

సాయంత్రం ఐదు

నరసింగు మూడున్నరకి చూశాడు. మోటారు తడిసి ఆగిపోయింది, చుక్కాని విరిగింది, నిన్నటి నుంచి కొట్టుకుపోతున్నారు. సగం నీళ్లు నిండిన పడవలోంచి డబ్బాలతో తోడుతూనే ఉన్నారట. నలుగురూ బతికే ఉన్నారు. ఒక కళాసీకి చెయ్యి విరిగింది. నలుగురినీ నరసింగు ఎక్కించుకున్నాడు. దానయ్య మావ ఎదురెళ్లి తాడు కట్టి పడవని లాక్కొస్తున్నాడు.

అప్ప ఇప్పుడు ఏడుస్తోంది. నేనూ ఏడ్చాను, సిగ్గెందుకు.

వెళ్లినవన్నీ వస్తున్నాయి. ఈ రోజుకి అంకె అదే.

శుద్ధ నవమి

నిన్నంతా గాలి, ఒక్క పడవా కదల్లేదు. ఈ రోజు తేరుకుంది.

వెళ్లినవి యాభై ఏడు. అందులో నలభై ఒకటి ఒకే చోటికి వెళ్లాయి. తూర్పు ఆగ్నేయం, ముప్పై నాలుగు మైళ్లు.

నాకెలా తెలిసిందంటే, అందరూ దిష్టిచుక్కలు పెట్టుకునే వెళ్లారు. పటం మీద చూస్తే నలభై ఒక్క చుక్కలు అటూ ఇటూ చెదిరి ఉన్నాయి, మధ్యలో దానయ్య మావ చోటొక్కటే ఖాళీగా ఉంది. ఇంత సిగ్గులేని పటాన్ని నా జన్మలో చూడలేదు.

దానయ్య మావ మధ్యాహ్నానికే వచ్చేశాడు. వల విసరడానికి చోటు లేదట. కిందికి వెళ్లి పలకరించాను. "నువ్వు సెప్పమన్నావని సెప్పలేదులే," అన్నాడు. "నానే సెప్పినాను." వల మడతపెట్టుకుంటున్నాడు. వల పొడిగానే ఉంది.

కంపెనీకి ఈసారి ఉత్తరం కాదు, ఖాళీ మూట పిలుపూ, దానికి వాళ్ల పెట్టె చెప్పిన జవాబూ కలిపి పంపాను. మాది తీసుకున్నారు, మార్చారు, అమ్మారు. ఆ మార్పు చూపించండి అన్నాను.

శుద్ధ దశమి

ఈసారి జవాబుకి ఒక్క రోజే పట్టింది. మా సంఘానికి మాత్రం మార్పులన్నీ చూపిస్తారట, ఊరికే. బయటికి పొక్కనివ్వనని నేను సంతకం పెట్టాలి. మిగతా ఊళ్ల రేవుల మాటేమిటని అడిగితే, "మీ ఊరి సమస్య తీరుతుంది కదా మేడమ్" అన్నారు. సంతకం పెట్టను అన్నాను. సంఘంలో సగం మంది నాకు పిచ్చి అంటున్నారు. మనకి దొరికితే చాలదా అంటున్నారు. నలభై ఒక్క పడవల వాళ్లే ఎక్కువ అరుస్తున్నారు.

వెళ్లినవి అరవై. పలికినవి నలభై ఆరు. మొన్న గాలి రోజునే ఏడుగురు నీలంపెట్టెలు తీసేసి పాతవి పెట్టుకున్నారు, బావ కూడా.

శుద్ధ ఏకాదశి

అప్ప వంజరం తెచ్చింది. మూరెడుంది, మెరుస్తోంది. బావ పడవ బాగుచేసుకున్నాక మొదటి వేట అంది. దాని ముఖంలో వెలుగు చూసి నాకూ సంతోషమేసింది. ఎక్కడ దొరికిందే అన్నాను, మాటవరసకి.

అప్ప చేప వైపు చూసింది. "అందరూ ఎల్తన్న కాడికే," అంది.

చేప అక్కడే వదిలేసి దిగాను. కోపంలో మెట్లు కనబడలేదు. బావ రేవులో వల దులుపుతున్నాడు.

"దానయ్య మావ సోటుకెల్లినావా?"

"నలభై మంది ఎల్తన్నారు. నానొక్కడినీ మానితే ఆయనకి ఒరిగేదేటి?"

"నలభై మంది కోసం సెప్పలేదు ఆయన. నీ కోసం సెప్పినాడు."

బావ వల దులపడం ఆపలేదు. "తెలుసు. సేప కనబడితే కాళ్లు ఆగవు మరదలా. నీకు తెల్దేటి మన బతుకు."

"నాకు కంపెనీవోడి బతుకు తెలుసు. మనం తెరిసి పెట్టింది తీసుకున్నాడు, తనది మూసుకున్నాడు. నువ్వూ అదే సేసినావు. ఆడి మీద పద్దెనిమిదేళ్ల కిందటే లైసెన్సు రాసినావు గదా, నీ మీద ఎవులు రాయాల?"

చుట్టూ పదిమంది వింటున్నారు. నేను గొంతు తగ్గించలేదు. అప్ప నా వెనకాలే వచ్చి నిలబడింది. ఇన్నేళ్లలో మొగుడి వైపు తప్ప ఇంకొకరి వైపు నిలబడగా నేను చూడలేదు.

"సెప్పీసి," అంది బావతో. "మీ అయ్య ఇచ్చిన సోటు సెప్పీసి. నాకు మొగుడు దొరికినాడు, సాలు. సోటు లేపోతే గంజి తాగుదాం."

బావ వల కింద పెట్టి కొండ వైపు నడిచాడు. నేను వెనకాలే వెళ్లాను. గదిలోకి వచ్చి, అడగకుండానే అందరికీ వినబడే దారిలో మీట నొక్కాడు. గొంతు సవరించుకున్నాడు, మళ్లీ సవరించుకున్నాడు.

"అరజాల ఎల్లాజీని. నా సోటు సెప్తన్నాను. కొండకి ఈశాన్యం, ఇరవై ఆరు మైళ్లు. ముప్పై మూడు బారల నీరు. అడుగున రాతిగట్టుంటాది, దానికి పడమటి పక్క. మా అయ్య పోయేముందు నాకొక్కడికే సెప్పినాడు. రాసుకునేవోళ్లు రాసుకోండి."

సముద్రమ్మీద ఉన్న పాత పెట్టెల పడవలన్నీ విన్నాయి.

"తెలుసు," అంది ఒక గొంతు. దానయ్య మావది. పదేళ్లలో బావతో అన్న మొదటి మాట.

బావ పెట్టె వైపు చూశాడు.

"నలభై ఏళ్లుగా తెలుసురా. మీ అయ్యా నానూ ఒకే పడవ మీద ఎల్లేవోళ్లం. ఆయనే సూపించినాడు. ఇది నా కొడుక్కిరా దానా, అన్నాడు. అందుకే ఏనాడూ అక్కడ వలెయ్యలేదు."

బావ మీట వదిలేసి నేల మీద కూర్చున్నాడు. మోకాళ్ల మీద తల పెట్టుకున్నాడు. నేను నీళ్లిచ్చాను, తాగలేదు.

వెళ్లినవి అరవై. పలికినవి నలభై ఆరు. సాయంత్రానికి చుక్క తీసేసినవి పదకొండు.